ఆటోమేటిక్ కారులో మాన్యువల్ మోడ్: ఘాట్ దిగేవారికి అది ఎందుకు అవసరం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆరు గేర్ల పెట్రోల్ ఆటోమేటిక్ కారు కొని ఏడు నెలలైంది. పోయిన నెల తల్లిదండ్రులను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకుని తిరుమల నుంచి దిగుతుంటే సగం దారిలో కాలిన వాసన వచ్చింది, బ్రేకు పెడల్ మెత్తబడింది. గేరు లివర్ పైనుంచి కింది దాకా ‘డి’లోనే, అంటే గేర్లు కారే మార్చుకునే స్థానంలోనే ఉంది. ఒక స్నేహితుడు మాన్యువల్ మోడ్ (ప్లస్, మైనస్ నొక్కి గేరు మనమే ఎంచుకునే ఏర్పాటు) వాడాలన్నారు, మరొకరు దానితో గేర్‌బాక్సు పాడవుతుందన్నారు. వచ్చే నెల అరకు వెళ్తున్నారు. ఏ గేరులో దిగాలి, ఇంజిన్‌కు హాని ఉంటుందా, ఊళ్లో కూడా వాడవచ్చా అని అడిగారు.

ఆ రోజు వాసన రాగానే కారు పక్కకు తీసి అరగంట ఆగారని రాశారు. అక్కడ మీరు సరైన నిర్ణయం తీసుకున్నారు. నేను తిరుపతిలో 26 ఏళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. కొండ దిగి నేరుగా మా షెడ్డుకు వచ్చే కార్లను ఎన్ని చూశానో లెక్క లేదు. చక్రాల దగ్గర పొగ, నీలం రంగు తిరిగిన డిస్కులు, బిస్కెట్టులా పొడి అయిపోయిన ప్యాడ్లు. వాటిని నడిపిన వారిలో ఎక్కువమంది జాగ్రత్తపరులే. వేగంగా దిగలేదు, ఎవరినీ దాటలేదు. కాలు బ్రేకు మీద నుంచి తీయలేదు, అంతే. నిజానికి బ్రేకులు కాలింది కూడా అందుకే.

కాబట్టి ముందే చెప్తున్నాను. ఊళ్లో, హైవే మీద మాన్యువల్ మోడ్ వాడడం మీ ఇష్టం. ఘాట్ దిగేటప్పుడు మాత్రం వాడి తీరాలి. గేర్‌బాక్సు పాడవుతుందన్న భయం పెట్టుకోవద్దు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం తెలియకుండా నేర్చుకున్న పద్ధతి మొదటి మలుపు దగ్గరే మరచిపోతాం.

‘డి’లో ఉన్నప్పుడు గేరు ఎంచుకునేది గేర్‌బాక్సుకు అమర్చిన చిన్న కంప్యూటర్. దానికి తెలిసేవి కారు వేగం, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, మీరు యాక్సిలరేటర్ ఎంత నొక్కారు, బ్రేకు మీద కాలుందా లేదా అన్నవే. దిగుడులో మీరు యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తారు, కారు బరువుకు వేగం పెరుగుతూనే ఉంటుంది. ఈ రెండూ కలిసి ఆ కంప్యూటర్‌కు సాఫీగా సాగే హైవేలాగా కనిపిస్తాయి. పెట్రోలు ఆదా చేద్దామని నాలుగు, ఐదు, ఆరు గేర్లకు ఎక్కేస్తుంది. ఆరో గేరులో ఇంజిన్ కారును దాదాపు పట్టుకోదు. భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కొత్త కార్లలో కొన్ని వాలును పసిగట్టి, బ్రేకు తాకగానే కింది గేరుకు దిగుతాయి. అది మంచి ఏర్పాటే. కానీ అది కూడా వాలు మొదలయ్యాక స్పందించేదే. వంద గజాల అవతల హెయిర్‌పిన్ మలుపు ఉందని, దాని మధ్యలో బస్సు తిరుగుతోందని దానికి తెలియదు. అది మీకు కనిపిస్తుంది. మీ కళ్లు చూసినదాన్ని గేర్‌బాక్సుకు ముందుగా చెప్పే దారే మాన్యువల్ మోడ్.

ఇక బ్రేకులు ఎందుకు కాలుతాయో ఒక లెక్క చూడండి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. తిరుపతి 150 మీటర్ల పైచిలుకు. అంటే దాదాపు 700 మీటర్లు దిగుతాం. మనుషులతో, సామానుతో కలిపి కారు 1,500 కిలోలు అనుకుందాం. ఆ బరువు అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 1 కోటి జౌళ్లు. మామూలు భాషలో చెప్పాలంటే, 30 లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి. ఆ వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కొంత గాలి ఒరిపిడికి, టైర్లకు పోతుంది. మిగిలిందంతా మీరు ‘డి’లో ఉంచి దిగితే నాలుగు చక్రాల బ్రేకుల్లోకి, అందులోనూ ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల్లోకి పోతుంది. నెమ్మదిగా దిగితే ఆ వేడి తగ్గదు, ఎత్తు అదే కదా. చల్లారడానికి కాస్త ఎక్కువ సమయం దొరుకుతుంది, అంతే. అయితే కాలు ఎత్తకుండా బ్రేకు తొక్కుతూనే ఉంటే ఆ సమయం కూడా దక్కదు.

వేడెక్కిన ప్యాడ్ డిస్కును పట్టే గుణం కోల్పోతుంది. మీకు వచ్చిన వాసన దానిదే. పెడల్ మెత్తబడడం ఇంకా తీవ్రమైన సంగతి. అది బ్రేకు ఆయిల్ మరగడం మొదలైందనడానికి గుర్తు. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీ కాలి బలం బుడగలను నొక్కడంలోనే ఖర్చయి చక్రం దాకా చేరదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3లో అయితే 205 నుంచి 140కి. రెండేళ్లకు ఒకసారి ఆయిల్ మార్చమని మేము పోరు పెట్టేది అందుకే. మీ కారు ఏడు నెలలదే అయినా ఒకసారి మరిగిన ఆయిల్‌ను నమ్మవద్దు. అరకు వెళ్లే ముందు దాన్ని పూర్తిగా మార్పించండి, ప్యాడ్లు విప్పి చూపించండి. పై పొర గాజులా మెరుస్తుంటే కొత్తవి వేయించండి.

ఇప్పుడు ఇంజిన్ సంగతి. మీరు రెండో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి వచ్చే దారి అప్పుడు దాదాపు మూసుకుని ఉంటుంది. మూసిన దారి గుండా గాలి పీల్చడానికి పిస్టన్లు పెనుగులాడాలి. సూది లేని సిరంజి మూతిని వేలితో మూసి పిడి లాగి చూడండి, ఎంత బిగువుగా ఉంటుందో అదే ఆ బిగువు. ఆ పెనుగులాటే కారును వెనక్కి పట్టి ఉంచుతుంది. గేరు ఎంత చిన్నదైతే అదే వేగానికి ఇంజిన్ అన్ని ఎక్కువ చుట్లు తిరగాలి, పట్టు అంత పెరుగుతుంది. పుట్టే వేడిని మోయడానికి రేడియేటరూ ఇంజిన్ ఆయిలూ ఎలాగూ ఉన్నాయి. గంటల తరబడి వేడిని భరించడానికే తయారైన యంత్రం అది. బ్రేకు డిస్కు అలాంటిది కాదు. అది కొద్ది క్షణాల పనికి పుట్టింది.

దిగేటప్పుడు ఇంజిన్ చుట్లు చూపే మీటరు ముల్లు 3,000 దాటి, ఇంజిన్ గట్టిగా రొద చేస్తే పెట్రోలు కాలిపోతోందని చాలామంది కంగారు పడతారు. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. నేటి ఇంజిన్లలో గేరు పడి ఉండి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, చుట్లు ఐడిలింగ్ కన్నా తగినంత ఎక్కువగా ఉంటే కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. ఆ రొదలో మంట లేదు, గాలి ఒక్కటే ఉంది. న్యూట్రల్‌లో దిగేవారి కారే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు తాగుతూ ఉంటుంది. పెట్రోలు మిగులుతుందని కొండ మీద న్యూట్రల్ వేసే అలవాటు పాతకాలపు డ్రైవర్ల నుంచి వచ్చింది, ఇప్పటికీ కొందరు గొప్ప చిట్కాలా చెప్తారు. దయచేసి వినవద్దు. న్యూట్రల్‌లో మీ కారును పట్టేది బ్రేకులు తప్ప ఏదీ ఉండదు. ఇంజిన్ కూడా ఆపేస్తే ఇంకా ప్రమాదం. బ్రేకుకు బలమిచ్చే సాయం రెండు మూడు నొక్కులతో అయిపోతుంది, స్టీరింగు బిగుసుకుపోతుంది.

గేర్‌బాక్సు పాడవుతుందన్న మీ రెండో స్నేహితుడి మాటకు వద్దాం. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. ఈ ఏర్పాటు పోర్షే వారి 911 కారులో టిప్‌ట్రానిక్ పేరుతో 1990 ప్రాంతంలో పేరు తెచ్చుకుంది. పందెం కార్ల సరదా కోసం పుట్టినదని, ఇంజిన్‌ను విరగదోయడానికేనని అప్పటి నుంచి ఒక ముద్ర పడిపోయింది. మన దగ్గర 2014లో మారుతి సెలెరియో ఏఎంటీతో (క్లచ్ తొక్కి గేరు మార్చే పనిని మోటారే చేసే రకం) వచ్చాక సామాన్య కుటుంబాల ఇళ్లకు ఆటోమేటిక్ కార్లు చేరాయి, వాటితోపాటే ప్లస్, మైనస్ గుర్తులూ చేరాయి. కానీ ఆ గుర్తులు ఎందుకో చెప్పినవారు లేరు. డ్రైవింగ్ స్కూళ్లలో నేర్పేది క్లచ్ ఉన్న కారుతో, షోరూములో తాళాలు ఇచ్చేటప్పుడు చూపించేది పాటల పెట్టెను.

నిజమేమిటంటే, మాన్యువల్ మోడ్‌లో కూడా గేరు మార్చేది ఆ కంప్యూటరే. మీరు మైనస్ నొక్కడం ఒక విన్నపం మాత్రమే. 90 కిలోమీటర్ల వేగంలో రెండో గేరు అడిగితే ఇంజిన్ హద్దు దాటిపోతుందని లెక్క చూసుకుని నిరాకరిస్తుంది. చాలా కార్లలో బీప్ శబ్దం వస్తుంది, గేరు మారదు. వేగం బాగా పడిపోతే తనంతట తానే కింది గేరుకు దిగుతుంది కాబట్టి ఇంజిన్ ఆగిపోదు. చుట్లు ఎర్ర గీతకు చేరితే చాలా కార్లు పై గేరుకు మారిపోతాయి. పొరపాటున నొక్కి గేర్‌బాక్సు విరిచేయడం మీ వల్ల కాదు. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) ఉన్న మీ కారులాంటి వాటికైతే ఒక గేరును నిలకడగా పట్టుకుని ఉండడం మేలే చేస్తుంది. ఘాట్‌లో నిమిషానికి పదిసార్లు మూడు నాలుగు, నాలుగు మూడు అని మారడం కన్నా అందులోని ఆయిల్ తక్కువ వేడెక్కుతుంది.

ఎర్ర గీత దగ్గర తనంతట పై గేరుకు మారుతుందన్న ఆ మాటను గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇంజిన్‌కు అది రక్షణ, దిగుడులో ఉన్న మీకు అది ప్రమాదం. మీరు రెండో గేరులో ఉన్నామనే ధైర్యంతో ఉంటారు, వేగం పెరిగి కారు మూడుకు వెళ్లిపోతుంది, పట్టు సడలుతుంది. కాబట్టి గేరు వేసి వదిలేస్తే చాలదు. ముల్లు 4,000 వైపు పోతుంటే బ్రేకు వాడి వేగం తగ్గించండి.

ఇక పద్ధతి. తిరుమలలో పాత ఘాట్ రోడ్డు దిగడానికి, రెండోది ఎక్కడానికి. దిగే దారిలో హెయిర్‌పిన్ మలుపులు 36. టోల్ గేటుకు నిర్ణీత సమయం కన్నా ముందు చేరితే జరిమానా వేస్తారు కాబట్టి తొందర పడే అవసరమే లేదు. దిగుడు మొదలవకముందే, చదునుగా ఉన్నప్పుడే లివర్‌ను ‘డి’ నుంచి పక్కకు, అంటే ‘ఎం’ లేదా ‘ఎస్’ వైపు జరపండి. ముందున్న తెరలో అంకె కనిపిస్తుంది. ప్లస్ ముందుకా వెనక్కా అన్నది కారును బట్టి మారుతుంది. చాలా కార్లలో ముందుకు తోస్తే పై గేరు. బీఎండబ్ల్యూ వంటి వాటిలో ముందుకు తోస్తే కింది గేరు. మీ లివర్ పక్కన ఉన్న గుర్తులు చూసి చేతికి అలవాటు చేసుకోండి.

స్టీరింగు వెనక రెక్కలుంటే కుడిది ప్లస్, ఎడమది మైనస్. ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. లివర్ ‘డి’లో ఉండగా రెక్క నొక్కితే అది తాత్కాలికం. కాసేపు మీరు ఏమీ నొక్కకపోయినా, యాక్సిలరేటర్ తొక్కినా కారు మళ్లీ ‘డి’కి వెళ్లిపోవచ్చు. ఘాట్ మధ్యలో అలా జరిగితే గేరు ఉందనుకున్న చోట ఉండదు. అందుకే లివర్‌ను పక్కకు జరిపి, ఆపైన రెక్కలు వాడండి. అప్పుడు మీరు చెప్పేదాకా మాన్యువల్‌లోనే ఉంటుంది.

ఏ గేరు? ఎక్కేటప్పుడు ఏ గేరు కావలసి వస్తుందో దిగడానికీ అదే అని లారీ డ్రైవర్ల పాత లెక్క. ఇప్పటికీ అంతకు మించిన సూత్రం లేదు. ఆరు గేర్ల పెట్రోల్ కారుకు తిరుమల దిగుడులో రెండో గేరు, కాస్త విశాలంగా ఉన్న చోట మూడో గేరు సరిపోతాయి. గేరు కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలిక. రెండు కాళ్లూ దేని మీదా పెట్టకండి. వేగం నిలకడగా ఉంటే లేదా చాలా నెమ్మదిగా పెరుగుతుంటే గేరు సరైనదే. పరుగందుకుంటుంటే ఒకటి తగ్గించాలి. మరీ ఆగిపోయేలా ఉంటే ఒకటి పెంచాలి.

బ్రేకు అసలు వాడకూడదని నేను అనడం లేదు. వాడే తీరు మార్చాలంటున్నాను. వేగం 40కి చేరిందనుకోండి, ఒక్కసారి గట్టిగా, స్థిరంగా నొక్కి 28కో 30కో తెచ్చి, పూర్తిగా కాలు తీసేయండి. మళ్లీ పెరిగే దాకా బ్రేకులకు విశ్రాంతి. కాలు ఆనించి అలాగే రాస్తూ దిగడం కన్నా ఇది ఎంతో మేలు, ఎందుకంటే మధ్య మధ్యలో గాలి తగిలి డిస్కు చల్లారుతుంది. గేరు తగ్గించడం, బ్రేకు నొక్కడం అన్నీ మలుపుకు ముందు, కారు తిన్నగా పోతున్నప్పుడే పూర్తి కావాలి. మలుపు మధ్యలో హఠాత్తుగా కింది గేరు వేస్తే ఇంజిన్ పట్టు ఒక్కసారిగా చక్రాల మీద పడుతుంది. తడి రోడ్డు మీద చక్రం జారడానికి అది చాలు. వెనక చక్రాలతో నడిచే ఇన్నోవా క్రిస్టా వంటి బండ్లలో కారు వెనక భాగమే పక్కకు విసురుకోవచ్చు.

ఇంకొకటి, దీన్ని చెప్పేవారు తక్కువ. ఇంజిన్ పట్టుతో వేగం తగ్గితే వెనక ఎర్ర దీపాలు వెలగవు. మీ వెనక వస్తున్నవారికి మీరు నెమ్మదిస్తున్నట్టు తెలియదు. గేరు తగ్గించే ముందు అద్దంలో చూసి, ఎవరైనా దగ్గరగా ఉంటే బ్రేకు పెడల్‌ను వేలితో తట్టినంత తేలికగా తాకండి. దీపం వెలిగితే చాలు.

మూడేళ్ల కిందట ఒక కుటుంబం మా షెడ్డుకు వచ్చింది. మీ కథే, కారు వేరు. ముందు డిస్కు మీద నీళ్ల చుక్క పడితే చుయ్యిమని ఆవిరైంది. తండ్రి వణికిపోతున్నారు, కారు అమ్మేస్తానన్నారు. ప్యాడ్లు, ఆయిల్ మార్చి, మర్నాడు పొద్దున ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని నేనే కొండ ఎక్కించాను. దిగేటప్పుడు ఆయనకు స్టీరింగు ఇచ్చి, రెండో గేరు వేయించి, బ్రేకు ఎన్నిసార్లు తొక్కారో గట్టిగా లెక్క పెట్టమన్నాను. మొదటి ఏడెనిమిది మలుపుల దాకా కాలు దానంతట అదే బ్రేకు మీదికి వెళ్లింది. తర్వాత తర్వాత లెక్క నెమ్మదించింది. కింద ఆగి చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశారు. వెచ్చగా ఉంది, అంతే. ఆయన ముఖంలో వచ్చిన ఆ నిమ్మళం నాకు ఇంకా గుర్తుంది. కారు అదే, కొండ అదే, మనిషీ ఆయనే. ఆ తర్వాత మా దగ్గరికి ఎవరు ఆటోమేటిక్ కారు తెచ్చినా, ఆయిల్ మార్చడానికి వచ్చినా సరే, ‘ఎం’ వాడడం వచ్చా అని అడగకుండా పంపడం లేదు.

మీలా కాక వేరే రకం గేర్‌బాక్సు ఉన్నవారు కూడా ఇది చదవవచ్చు, వారికి నాలుగు మాటలు. ఏఎంటీ అంటే మామూలు క్లచ్, మామూలు గేర్లే, తొక్కే పని మాత్రం మోటారు చేస్తుంది. దిగుడులో పైన చెప్పినదంతా వర్తిస్తుంది. ఎక్కేటప్పుడు దీనికి మాన్యువల్ మోడ్ ఇంకా ముఖ్యం. ‘డి’లో ఉంటే మలుపుకు ముందు మూడో గేరుకు వెళ్లి, మలుపులో బలం చాలక మళ్లీ రెండుకు దిగుతుంది, ఆ మార్పు మధ్య ఒక క్షణం చక్రాలకు బలం అందదు. నిటారు మలుపులో ఎదురుగా బస్సు ఉన్నప్పుడు ఆ ఒక్క క్షణం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. రెండులో పట్టి ఉంచండి. చేత్తో గేరు పెంచేటప్పుడు యాక్సిలరేటర్‌ను కాస్త సడలిస్తే తల ఊగే కుదుపు కూడా తగ్గుతుంది.

రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు ఉన్నవారు ఎత్తు మీద కారును యాక్సిలరేటర్‌తో నిలబెట్టకూడదు. మాన్యువల్ మోడ్‌లో ఉన్నా క్లచ్ అరుగుతుంది, వేడెక్కుతుంది. బ్రేకుతోనో హ్యాండ్‌బ్రేకుతోనో ఆపి, ముందు ఖాళీ దొరికాక ఒకేసారి కదలండి. ఏఎంటీకీ ఇదే మాట.

సీవీటీ అంటే బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్ రకం, అందులో నిజమైన గేర్లు లేవు. హోండా సిటీలో కనిపించే ఏడు మెట్లు సాఫ్ట్‌వేర్ కల్పించినవే. అయినా మైనస్ నొక్కితే ఇంజిన్ చుట్లు నిజంగానే పెరుగుతాయి, పట్టు నిజంగానే వస్తుంది. రెక్కలు లేని సీవీటీలో ‘ఎల్’ లేదా ‘ఎస్’, టయోటా హైబ్రిడ్లలో ‘బి’ ఆ పని చేస్తాయి. పాత నాలుగు గేర్ల మారుతి ఆటోమేటిక్‌లలో ‘ఎం’ ఉండదు. లివర్ మీది ఓవర్‌డ్రైవ్ మీట నొక్కి నాలుగో గేరును ఆపేయవచ్చు, ఇంకా పట్టు కావాలంటే ‘2’లోకి లాగవచ్చు. డీజిల్ కార్లలో గాలి దారి పెట్రోల్ ఇంజిన్‌లోలాగా మూసుకోదు కాబట్టి పట్టు కాస్త తక్కువ అనిపించవచ్చు. అవసరమైతే ఇంకో గేరు తగ్గించండి. విద్యుత్ కార్లలో వేగాన్ని తిరిగి బ్యాటరీలోకి పంపే ఏర్పాటే మీ ఇంజిన్ పట్టు. అయితే కొండ మీద నూటికి నూరు శాతం చార్జి చేసి దిగితే, నిండిన కుండలో నీళ్లు పట్టనట్టు, ఆ పట్టు మొదట్లో సరిగా దొరకదు. పైన చార్జి చేయవలసి వస్తే కొంత ఖాళీ ఉంచండి.

ఊళ్లో వాడకం గురించి అడిగారు. నా సలహా, ‘డి’లో వదిలేయండి. ట్రాఫిక్‌లో మీకన్నా ఆ కంప్యూటరే బాగా చేస్తుంది, మైలేజీ కూడా దాని చేతిలోనే మెరుగ్గా ఉంటుంది. రెండు సందర్భాల్లో మాత్రం నేను స్వయంగా మాన్యువల్ వాడతాను. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటాలనుకున్నప్పుడు, ఎదురు రోడ్డు ఖాళీ అవుతుందని కనిపించగానే ఒకటో రెండో గేర్లు ముందే తగ్గించి సిద్ధంగా ఉంటాను. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా కారు గేరు తగ్గిస్తుంది కానీ, ఒక క్షణం ఆలోచించుకుని తగ్గిస్తుంది. ఆ ఆలస్యం ఎదురు దిశలో ఉన్నప్పుడు జరగకూడదు. రెండోది బురద. వానకు నానిన పొలం దారిలో మొదటి గేరు బలానికి చక్రం అక్కడే తిరిగి గుంత తవ్వుతుంది. కారు ఒప్పుకుంటే రెండో గేరులో మెల్లగా కదలండి.

ఎంత జాగ్రత్త పడినా ఎప్పుడైనా మళ్లీ వాసన వస్తే, వెడల్పుగా ఉన్న చోట ఆపండి. లివర్ ‘పి’లో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. మండుతున్న డిస్కు మీద నీళ్లు పోయకండి, అది వంకర పోతుంది, పగలవచ్చు కూడా. అరగంటకు తక్కువ కాకుండా ఆగండి. తర్వాత కదలకముందే పెడల్ నొక్కి చూడండి. గట్టిగా, పైనే నిలిస్తే రెండో గేరులో మెల్లగా దిగండి. నేలకు దిగిపోతుంటే ఇక కారు కదపకండి, సాయం పిలవండి.

కదులుతుండగానే బ్రేకు పట్టకపోతే, పెడల్‌ను వెంట వెంటనే పంపులా కొడుతూ మైనస్‌ను ఒక్కొక్కటిగా నొక్కుతూ పోండి. ఒకేసారి నాలుగు గేర్లు అడిగితే కారు ఒప్పుకోదు, వేగం తగ్గే కొద్దీ ఒక్కొక్కటే ఇస్తుంది. హ్యాండ్‌బ్రేకును కొద్దికొద్దిగా లాగండి. అది చిన్న ఎలక్ట్రిక్ స్విచ్‌లా ఉండే కార్లలో ఆ స్విచ్‌ను లాగి పట్టుకునే ఉండండి, చాలా కార్లలో అది అత్యవసర బ్రేకుగా పనిచేస్తుంది. చివరికి కొండ గోడ వైపు ఒరుసుకునైనా ఆపాలి. లోయ వైపు కన్నా అది ఎప్పుడూ మేలు. ఇంజిన్ మాత్రం ఆపకండి, న్యూట్రల్ వేయకండి.

మీ అరకు ప్రయాణం సంగతి. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా వెళ్తారు. వెళ్లేటప్పుడు ఎక్కువగా ఎక్కుడే కాబట్టి రెండు, మూడు గేర్ల మధ్య చేత్తో నడిపితే కారు హాయిగా ఎక్కుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కొంచెం మోసం ఉంటుంది. అరకు నుంచి బయల్దేరగానే దిగుడు రాదు. దారి ముందు గాలికొండ వైపు ఎక్కి, ఆ తర్వాత కాఫీ తోటల మధ్య దిగడం మొదలుపెడుతుంది. ఎక్కుడు కదా అని ‘డి’లో ఉంచి, కబుర్లలో పడి, దిగుడు మొదలయ్యాక కూడా అలాగే ఉండిపోతారు. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఎలాగూ అందరూ ఆగుతారు. కారు మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడే లివర్ పక్కకు జరపండి. శీతాకాలం పొద్దున పొగమంచు ఉంటే ఇంకో గేరు తగ్గించుకోండి.

అయితే అరకు దాకా ఆగకుండా ఈ వారమే ఒక పని చేయండి. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 50 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ వదిలి మాన్యువల్‌లోకి జరిపి మైనస్ ఒక్కసారి నొక్కండి. శబ్దం వినండి, ముల్లు చూడండి, వీపు సీటు నుంచి కాస్త ముందుకు రావడం గమనించండి. ఇంకోసారి నొక్కండి. పది నిమిషాలు అలా చేస్తే ఏ గేరు ఎంత పట్టు పడుతుందో మీకు తెలుస్తుంది. మీ ఇంట్లో కారు నడిపేవారు ఇంకెవరున్నా వారి చేత కూడా చేయించండి. బ్రేకు ఆయిల్ మార్పించాక పెడల్ ఎలా ఉందో ఇక్కడే రాయండి, ఏమైనా తేడాగా అనిపిస్తే బయల్దేరే ముందే చూసుకుందాం.